ప్రోటాన్లు, న్యూట్రాన్లు తడబడకుండా లెక్కకట్టాలంటే

గాజువాకలో సాయంత్రం మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లలకి పరమాణువు లెక్కల్లో దేనిలోంచి ఏది తీసెయ్యాలో ఎప్పుడూ తికమకే. ఇలా చేయిస్తే త్వరగా తేలిపోతోంది.

ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి ఎన్నో) పైన, పరమాణు సంఖ్య (ప్రోటాన్లు ఎన్నో) కింద వేసి మామూలు తీసివేతలా గీత గియ్యండి. స్టీల్ ప్లాంటు పక్కనున్న పిల్లలు కదా, నేను ఇనుముతోనే మొదలుపెడతాను. పైన 56, కింద 26, గీత కింద 30. ఆ 26 ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లూ అన్నే. 30 న్యూట్రాన్లు.

అయాన్ (ప్లస్ లేదా మైనస్ ఆవేశం ఉన్న పరమాణువు) అయితే ఎలక్ట్రాన్లు మాత్రమే మారతాయి. ప్లస్ అంటే పోయినవి, మైనస్ అంటే వచ్చి చేరినవి. 3 ప్లస్ ఉన్న ఇనుముకి 23. ప్లస్ కనబడగానే చెయ్యి కూడికకే పోతుంది, అక్కడ ఓ కన్నేసి ఉంచండి.

ఒక్క జాగ్రత్త. ఆవర్తన పట్టికలోని దశాంశ సంఖ్యని పైన వెయ్యకండి. క్లోరిన్ 35.5 లోంచి 17 తీస్తే 18.5 వస్తుంది, సగం న్యూట్రాన్ ఎక్కడా ఉండదు. అది ఐసోటోపుల (ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య తేడాగా ఉండే రకాల) సగటు. క్లోరిన్-35 అయితే 18, క్లోరిన్-37 అయితే 20. ఏ ఐసోటోపో ప్రశ్నలో చూసుకున్నాకే గీత గియ్యాలి.