ఘాట్ రోడ్డు మలుపులో బండి బయటికి పోతోందా?

బెంగళూరు నుంచి నంది హిల్స్ 60 కిలోమీటర్లే. వెళ్లిరావడానికి అదో దూరమా అనుకున్నాను. దిగేటప్పుడు ఒక ఎడమ మలుపులో బండి మాట వినడం మానేసింది. హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నా కుడివైపుకి, ఎదురు బళ్లొచ్చే దారిలోకి జరిగిపోతోంది. పైకి వస్తున్న టెంపో డ్రైవరు సడెన్ బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఆ టెంపో బంపరుకి కట్టిన నిమ్మకాయ, వాడిపోయిన పచ్చిమిరపకాయలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

కింద టీ కొట్టు దగ్గర, వెనక బండిమీద వచ్చిన బావ అడిగాడు:

"ఏరా, బ్రేకు ఎక్కడ వేశావు?"

"మలుపులోనే బావా, భయమేసి."

"అవును, నీ లైటు అక్కడే వెలిగింది. అప్పటికి లేటైపోయింది."

సమస్య: మలుపు మధ్యలో బండి బయటికి పోవడం

తప్పు మలుపులో జరగదు, దానికి ముందే జరిగిపోతుంది. 40లో తిరగాల్సిన చోటికి 50లో వస్తే, అదే వంపు తిరగడానికి టైరు ఒకటిన్నర రెట్లకు పైగా పట్టు ఇవ్వాలి. అప్పుడు కంగారుపడి ముందు బ్రేకు నొక్కితే వాలిన బండి నిటారుగా లేస్తుంది, తిన్నగా పోతుంది. ఏబీఎస్ ఉందిగా అనుకోవద్దు. మామూలు బళ్లలో ఉండేది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందంతే, మలుపు తిప్పిపెట్టదు.

రెండో కారణం కళ్లు. బండి మనం చూసినవైపే పోతుంది. నిమ్మకాయలు అంత బాగా గుర్తున్నాయంటే నేను చూస్తున్నది వాటినే!

పరిష్కారం: బండి నిటారుగా ఉన్నప్పుడే బ్రేకు, గేరు పని ముగించాలి. దిగుడులో హెయిర్‌పిన్‌కి, అంటే వెనక్కి తిరిగేంత మలుపుకి, సెకండ్ గేరు వేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. తల తిప్పి మలుపు బయటపడే చోటుకేసి చూడాలి. ఎడమకి తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని మెల్లగా ముందుకి నెట్టాలి, బండి ఎడమకే వాలుతుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది. మా లేఔట్‌లో ఖాళీ రోడ్డుమీద 30లో నెట్టి చూసేదాకా నేనూ నమ్మలేదు. వేగంగా వచ్చేశామని మలుపులో తెలిసినా చేయాల్సింది ఇదే: చూపు మలుపు బయటపడే చోటుకి, ఇంకాస్త నెట్టు. చాలాసార్లు టైరులో పట్టు ఇంకా మిగిలే ఉంటుంది, ధైర్యం చాలనిది మనకే.

సమస్య: ముందు వాలనని మొరాయించి, తర్వాత ఒక్కసారిగా పడిపోయినట్టు వాలడం

టైరుని అరచేత్తో అడ్డంగా తడిమి చూడండి. రోజూ ఔటర్ రింగ్ రోడ్డులో తిన్నగా తిరిగిన టైరు మధ్యలో అరిగి చదునైపోతుంది, పక్కన అంచు తగులుతుంది. గాలి తక్కువైనా కాస్త ఇలాగే ఉంటుంది. ముందు గాలి చూడండి, అంచు తేలితే టైరు మార్చడమే.

సమస్య: మలుపులో బండి కుదుపు

మధ్యలో రేజ్ ఠక్కున వదిలేయడం వల్ల. సన్నగా, ఒకేలా పట్టుకోండి.

సమస్య: కుడి మలుపులో ఎదురు బండి తలకి తగిలేంత దగ్గరగా పోవడం

చక్రాలు మన వైపే ఉన్నా, వాలినప్పుడు తల గీత దాటుతుంది. అవతల రోడ్డు కనపడేదాకా ఎడమగానే ఉండండి. మరీ అంచుకి వద్దు, అక్కడ గులకరాళ్లుంటాయి.

తర్వాతిసారి కూడా బావ వెనకే వచ్చాడు. మలుపులో లైటు వెలిగిన ప్రతిసారీ ఒక టీ అని పందెం. మూడు టీలు ఇప్పించాను.