అమెరికాలో ఇంటి లోన్ కట్టడం కష్టమైతే: లోన్ మాడిఫికేషన్‌కు దరఖాస్తు విధానం

ఉద్యోగం పోయినా, జీతం తగ్గినా, ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినా ఉన్న లోన్ షరతులనే మార్చమని అడగవచ్చు. దాన్నే లోన్ మాడిఫికేషన్ అంటారు. ఇది రీఫైనాన్స్ (కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చడం) కాదు. పాత లోన్‌కే వడ్డీ రేటు, గడువు, కొన్నిసార్లు రెండూ మారుస్తారు.

మొదటి ఫోన్ సర్వీసర్‌కే, అంటే మన పేమెంట్లు వసూలు చేసే కంపెనీకే చేయాలి. నెలనెలా వచ్చే స్టేట్‌మెంట్ మీద ఉండేది ఆ కంపెనీ పేరే. కట్టలేని వారికి సాయం చూసే లాస్ మిటిగేషన్ విభాగానికి కలపమని అడగండి. లోన్ అసలు ఎవరిదో, దానికి ఎవరి హామీ ఉందో కూడా అప్పుడే కనుక్కోండి: ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ (బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థలు), ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ బీమా ఉన్న లోన్), వీఏ (సైనికులు, మాజీ సైనికులకు ప్రభుత్వ హామీతో ఇచ్చే లోన్), లేక ప్రైవేట్ ఇన్వెస్టరా? ఏ రకం మాడిఫికేషన్ దొరుకుతుందో దాన్నిబట్టే ఉంటుంది. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ సైట్లలో మన వివరాలు కొట్టి చూసుకోవచ్చు.

ప్రస్తుతం ఆదాయమే లేకపోతే మాడిఫికేషన్ దొరకడం కష్టం. తగ్గించిన పేమెంటైనా కట్టగలరని వాళ్లకు కనబడాలి కదా. హెచ్1బీ మీద ఉండి లేఆఫ్ అయినవారు ముందు ఫోర్‌బేరెన్స్ అడగాలి. అంటే కొన్ని నెలలు పేమెంట్ ఆపడమో తగ్గించడమో. బాకీ మాత్రం మాఫీ కాదు. కొత్త ఉద్యోగం దొరికాక మాడిఫికేషన్‌కు వెళ్లవచ్చు.

దరఖాస్తులో సాధారణంగా అడిగేవి: నింపిన ఫారం, కష్టం ఎప్పుడు, ఎందుకు వచ్చిందో చెప్పే చిన్న లేఖ, ఇటీవలి పేస్టబ్‌లు (జీతం రసీదులు), రెండు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ట్యాక్స్ రిటర్న్, ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి వివరాలు తీసుకోవడానికి 4506-సి ఫారం. సొంత వ్యాపారమైతే లాభనష్టాల పట్టిక కూడా.

ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది ఇక్కడే. బ్యాంక్ స్టేట్‌మెంట్ 6 పేజీలుంటే, చివరిది ఖాళీగా ఉన్నా 6 పేజీలూ పంపాలి. భార్యాభర్తలిద్దరూ లోన్‌లో ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. మన ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంతో ఉంటే ఆ రెండూ ఒకరివేనని ఒక లేఖ జతచేయండి. ఇండియా నుంచి పెద్ద మొత్తం జమైతే అదేమిటో ఒక్క ముక్కలో రాయండి. ప్రతి పేజీ మీదా లోన్ నంబర్ వేసి, అప్‌లోడ్ లేదా ఫ్యాక్స్ రసీదు దాచుకోండి. కాగితాలు పాతబడితే మళ్లీ అడుగుతారు, అందుకే అన్నీ ఒకేసారి పంపడం మంచిది.

గడువులు తేదీలతో సహా రాసిపెట్టుకోండి. మీరు నివసించే ఇల్లయితే, బాకీ 120 రోజులు దాటేదాకా సాధారణంగా ఫోర్‌క్లోజర్ (బాకీ కోసం ఇంటిని వేలం వేసే ప్రక్రియ) మొదలుపెట్టకూడదు. అద్దెకిచ్చిన ఇంటికి ఈ రక్షణ వర్తించదు. వేలానికి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు అందితే, అది పూర్తయిందో, ఏం తక్కువైందో 5 పనిదినాల్లో రాతపూర్వకంగా చెప్పాలి. పూర్తి దరఖాస్తు వేలానికి 37 రోజులకన్నా ముందే అందితే 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, అది తేలేదాకా వేలం వేయకూడదు. చిన్న సర్వీసర్లకు వీటిలో కొన్ని మినహాయింపులున్నాయి. టెక్సస్‌లో వేలాలు నెల మొదటి మంగళవారం జరుగుతాయి, కాబట్టి అక్కడివారు ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

ఆఫర్ వచ్చాక లెక్క చూసుకోండి. 4,00,000 డాలర్లు, 6.5 శాతం వడ్డీ అనుకుందాం. 30 ఏళ్లకు అసలు, వడ్డీ కలిపి నెలకు 2,528 డాలర్లు. 40 ఏళ్లకు 2,342. నెలకు మిగిలేది 186, మొత్తం మీద అదనంగా కట్టేది 2,13,000 డాలర్లకు పైనే. రేటు తగ్గకుండా గడువు మాత్రమే పెంచితే ఊరట ఇంతే. కట్టని వాయిదాలు కూడా సాధారణంగా అసలులో కలుస్తాయి.

తరువాత సాధారణంగా 3 నెలల ట్రయల్ ఉంటుంది, అంటే కొత్త పేమెంట్‌ను సమయానికి కట్టి చూపాలి. ఒక్క పేమెంట్ ఆలస్యమైనా ఆఫర్ పోవచ్చు. ట్రయల్ పూర్తయ్యాక తుది ఒప్పందం మీద సంతకం చేసి తిరిగి పంపితేనే మార్పు ఖాయమవుతుంది.

ముందే ఫీజు అడిగే ఏజెంట్లకు డబ్బివ్వకండి. మీరు సర్వీసర్ రాతపూర్వక ఆఫర్‌ను ఒప్పుకునేలోపు అలాంటి కంపెనీలు ఫీజు తీసుకోవడం చట్టవిరుద్ధం. హడ్ (అమెరికా గృహనిర్మాణ శాఖ) ఆమోదించిన కౌన్సెలర్లను 888-995-4673 నంబర్‌లో ఉచితంగా సంప్రదించవచ్చు.

తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వాలి. పూర్తి దరఖాస్తు వేలానికి 90 రోజులు, అంతకన్నా ముందు అందిఉంటే 14 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. ఆ అప్పీలును, మొదట దరఖాస్తు చూసినవారు కాకుండా వేరే వారు చూడాలి. ఆదాయం తప్పుగా లెక్కేశారనిపిస్తే, వాళ్ల అంకె పక్కన మీ పేస్టబ్ అంకె రాసి పంపండి.