ఆడియో కథకు ఊ కొట్టేదెవరు?

పిల్లలకు కథ వినిపించాలని ఫోన్‌లో ఆడియో పుస్తకం పెట్టి, తాము వంటింట్లోకి వెళ్ళిపోయే తల్లిదండ్రులు చాలామంది రెండో రోజుకే ‘మా వాడికి వినే ఓపిక లేదు’ అని తేల్చేస్తారు. లోపం పిల్లవాడిది కాదు. మన ఇళ్ళలో కథ ఎప్పుడూ ఒంటరిగా నడవలేదు. అమ్మమ్మ చెబుతుంటే మనవడు ఊ కొట్టేవాడు. ఊ ఆగిపోతే నిద్రపోయాడని గ్రహించి ఆమె కథ ఆపేసేది. బుర్రకథలోనైతే ఈ పనికి ఏకంగా ఇద్దరు మనుషులే ఉంటారు. కథకుడికి అటూ ఇటూ నిలబడే వంతలు డక్కీ వాయిస్తూ ‘తందాన తాన’ అనడంతో ఊరుకోరు; ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం పలుకుతూ, వినేవారి మనసులో మెదిలే ప్రశ్నను వారికన్నా ముందే అడిగేస్తారు. బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్ పుట్టిన గుంటూరు జిల్లా వారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆడియో పుస్తకం మాత్రం ఎవరి ఊ కోసమూ ఆగదు కాబట్టి, ఆ వంత పని ఇంట్లోని పెద్దవారే చేయాలి.

ముందుగా కథను ఎంచుకోవడం. పిల్లలకు వినిపించబోయే కథను మీరొక్కరే కనీసం పది నిమిషాలు విని చూడండి. చదివేవారి గొంతు హాయిగా ఉందా, మాటల చివరి అక్షరాలు స్పష్టంగా వినిపిస్తున్నాయా, వెనుక వచ్చే సంగీతం మాటలను మింగేస్తోందా అన్నవి చూడాలి. నా అనుభవంలో ఈ మూడో లోపమే తెలుగు ఆడియో కథల్లో ఎక్కువ. రాక్షసుడు వచ్చిన ప్రతిసారీ ఉరుములు ఉరిమితే పెద్దవారికే మాట అందదు. మూడు నాలుగేళ్ళ వారికి ఐదారు నిమిషాల కథ చాలు. ఆరేడేళ్ళ వారు పావుగంట వింటారు. ఎనిమిది దాటిన వారికి రోజుకొక అధ్యాయం చొప్పున పెద్ద కథ పెట్టవచ్చు, కానీ నిన్న ఎక్కడ ఆగిందో వారి చేతనే చెప్పించి మొదలుపెట్టాలి.

తెలుగులో ఆడియో పుస్తకాల కోసమే నడుస్తున్న దాసుభాషితం వంటి యాప్‌లు ఉన్నాయి. వాటిలో అధిక భాగం పెద్దల సాహిత్యమే కాబట్టి వెతికి ఏరుకోవాలి. ఇంగ్లిషు కథలు కావలసినవారికి 2005లో మొదలైన లిబ్రివాక్స్ వెబ్‌సైట్ ఉంది. కాపీహక్కుల గడువు తీరిన పుస్తకాలను స్వచ్ఛందంగా చదివినవారి గొంతులే అక్కడ ఉంటాయి కాబట్టి అంతా ఉచితమే, అయితే చదివే తీరు ఒక్కొక్కరిది ఒక్కొక్క రకంగా ఉంటుంది. వీడియోల్లో దొరికే కథలను నేను చివరి మార్గంగానే చూస్తాను, ఎందుకంటే బొమ్మ కనిపించినంతసేపు చెవి పని చేయదు, పైగా కథ మంచి పట్టులో ఉన్నప్పుడే ప్రకటన వచ్చి పడుతుంది.

ఇంగ్లిషు మాధ్యమంలో చదివే పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విజయవాడలో ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే మూడో తరగతి పిల్లలు ఒత్తులున్న మాట కనబడగానే ఆగిపోవడం మామూలైపోయింది. చదివే శక్తి రెండేళ్ళు వెనుకబడినా వినే శక్తి వయసుకు తగినట్టే ఉంటుంది కాబట్టి, వారి చేతికి ‘చిన్నపిల్లల’ పుస్తకం ఇచ్చి చిన్నబుచ్చే బదులు, వారి వయసుకు తగ్గ కథను వినిపించి, అదే కథ అచ్చులో దొరికితే పక్కన పెట్టి వేలితో వెంబడించమనాలి. జనవరిలో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి పిల్లలను తీసుకెళ్ళి, ముందే విన్న కథల పుస్తకాలను వారి చేతనే వెతికించండి. తెలిసిన కథ అచ్చులో కనబడితే వారు పాత స్నేహితుణ్ణి చూసినట్టు పట్టుకుంటారు. విన్న మాటకు అర్థం తెలియకపోతే కథ ఆపి నిఘంటువు తీయకండి. కుంపటి, కవ్వం, కాడి వంటి మాటలు సందర్భాన్ని బట్టి సగం అర్థమవుతాయి. మిగతా సగం కథ ముగిశాక తాతయ్యనో నాయనమ్మనో అడిగి తెలుసుకోమనండి.

వేళ విషయానికొస్తే, కదలకుండా కూర్చోబెట్టి వినిపించాలన్న నియమం ఏదీ లేదు. చేతికి పని, చెవికి కథ అన్న పద్ధతే పిల్లలకు బాగా కుదురుతుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఉతికిన బట్టలు మడతపెడుతూ, రంగులు వేస్తూ వినవచ్చు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పదకొండు నుంచి ఐదు దాకా పిల్లలను బయటికి పంపలేని మన ఊళ్ళలో ఆ ఖాళీని టీవీ ఆక్రమించకముందే కథకు ఇవ్వడం మంచిది. విజయవాడ నుంచి గుంటూరుకు సుమారు 35 కిలోమీటర్లు; కారులో బయలుదేరితే వారధి దాటేసరికి ఒక చిన్న కథ, మంగళగిరి చేరేసరికి ఇంకొకటి పూర్తవుతాయి. దారిలో సిగ్నల్ తెగితే కథ కూడా తెగిపోతుంది కాబట్టి ముందురోజే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో గంట కథకు దాదాపు 29 మెగాబైట్లే పడుతుంది, మాటకు ఆ నాణ్యత చాలు.

ఇంట్లో హెడ్‌ఫోన్ల కన్నా చిన్న స్పీకరే మేలు, ఎందుకంటే ఇద్దరూ ఒకే కథను వింటేనే వంత పాడగలరు. ప్రయాణంలో హెడ్‌ఫోన్లు తప్పనప్పుడు శబ్దం విషయంలో జాగ్రత్త అవసరం. పిల్లలకు 75 డెసిబెళ్ళ స్థాయిలో వారానికి 40 గంటలు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి. ఫోన్‌లో డెసిబెళ్ళు కొలుస్తూ కూర్చోలేము కాబట్టి, శబ్ద పరిమితి ఉన్న హెడ్‌ఫోన్లు కొనడం, పక్కన కూర్చుని మామూలు గొంతుతో పిలిస్తే పలుకుతున్నారో లేదో చూడడం సులువైన పద్ధతులు.

ఇక అసలు పని, వంత. కథ మొదలైన రెండు మూడు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఊ కొడుతూ వినండి. మీరు నిజంగా వింటున్నారని పిల్లలకు తెలియాలి. ఆ తర్వాత కథ మొత్తంలో ఒక్కసారే ఆపండి, అదీ మలుపుకు కొంచెం ముందు. నక్క బావి అంచుకు వచ్చినప్పుడు ఆపి ‘ఇప్పుడేం చేస్తుందంటావు?’ అంటే చాలు. పిల్లవాడు చెప్పిన జవాబు తప్పైనా దిద్దకండి, మీ ఊహ కూడా ఒకటి చెప్పి మళ్ళీ నడిపించండి. ఎవరి ఊహ నిజమవుతుందోనన్న పందెం వారిని చివరిదాకా కూర్చోబెడుతుంది. నేను మొదట్లో ప్రతి రెండు నిమిషాలకూ ఆపి, రాజుగారి పేరేమిటి, మంత్రి ఏమన్నాడు అని బడి పరీక్షలా అడిగేవాడిని. నాలుగో రోజు మా అమ్మాయి ‘నాన్నా, నువ్వు లేకుండా వింటాను’ అన్నది. అప్పటి నుంచి ప్రశ్నలు అడిగే హక్కు ఆమెకే వదిలేశాను. పిల్లలు విన్న కథే మళ్ళీ పదిసార్లు కోరుతారు. విసుగు మనకే తప్ప వారికి కాదు, పెట్టండి. త్వరగా ముగుస్తుందని వేగం పెంచడం మాత్రం చేయకండి.

ఎన్ని యాప్‌లు ఉన్నా, ఇంట్లోవారి గొంతుతో వచ్చిన కథకు పిల్లలు తిరిగే తీరు వేరు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, రచయిత పేరు చెప్పి వాటిని చదివి రికార్డు చేసుకోవడానికి వారి లైసెన్సు అనుమతిస్తుంది. అంతకన్నా మంచిది తెనాలిలోనో రేపల్లెలోనో ఉన్న అమ్మమ్మ కథను పట్టుకోవడం. ఫోన్‌లోని వాయిస్ రికార్డర్ చాలు. ముందు సీలింగ్ ఫ్యాను ఆపాలి. ఎండాకాలంలో ఇది పెద్ద త్యాగమే కానీ ఫ్యాను హోరు తర్వాత తీసేద్దామన్నా పోదు. పరుపు, దుప్పట్లు ఉన్న గదిలో గొంతు మారుమోగదు. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టాలి. ప్రతి కథకూ వేరు ఫైలు చేసి కథ పేరు, తేదీ వెంటనే రాసిపెట్టుకోండి. మనవడినో మనవరాలినో ఆమె ఎదుట కూర్చోబెట్టడం మరచిపోకండి, ఎందుకంటే ఒంటరిగా ఫోన్‌కు కథ చెప్పమంటే పెద్దవారు రెండు నిమిషాల్లో ముగించేస్తారు. రికార్డింగ్‌లో మధ్యమధ్య వినిపించే ఆ ఊలను కత్తిరించకుండా అలాగే ఉంచండి.