సీడీ 100 బెండ్ పైపు నట్లు పట్టేస్తే

పాత హీరో హోండా సీడీ 100లో బెండ్ పైపును (ఇంజన్ పొగను సైలెన్సర్‌కి చేర్చే వంపు గొట్టం) హెడ్‌కి, అంటే ఇంజన్ సిలిండర్ మూతకి, పట్టి ఉంచేవి రెండు 6 ఎంఎం స్టడ్‌లు (తల లేని మర కడ్డీలు), వాటి మీద 10 ఎంఎం స్పానర్ పట్టే నట్లు. ముందు చక్రం చిమ్మే బురద నీళ్లు వాటి మీదే పడి, ఇంజన్ వేడికి అక్కడే ఎండుతాయి. అలా ఏళ్లపాటు తుప్పు పట్టిన నట్‌ని బలం పెట్టి తిప్పితే తెగేది సన్నని స్టడ్డే. అందుకే ఈ పనికి బలం కంటే ఒక రాత్రి ఆగే ఓపిక ముఖ్యం.

ముందురోజు వైరు బ్రష్‌తో బయటికి కనిపించే మరలు తోమండి. తోమకుండా ఆయిల్ కొడితే పై తుప్పులోనే ఆగిపోతుంది, లోపలి మరకి చేరదు. తుప్పు వదిలించే ఆయిల్‌ని నట్‌కి రెండువైపులా కొట్టి, గంటకోసారి మళ్లీ కొట్టి, రాత్రంతా వదిలేయండి. నట్ పక్కల మీద చిన్న సుత్తితో తట్టండి. స్టడ్ కొస మీద మాత్రం కొట్టొద్దు, మర చితికితే నట్ అక్కడే ఆగిపోతుంది.

మర్నాడు ఆరు మూలల సాకెట్ తీసుకోండి. ఓపెన్ స్పానర్ అరిగిన మూలల్ని తినేస్తుంది. ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పాలి. కాస్త కదిలితే ఆయిల్ వేసి, వెనక్కి బిగించి, మళ్లీ విప్పండి. చేతికి సాగుతున్నట్టు తెలిసి, వదలగానే వెనక్కి వస్తోందా? నట్ తిరగట్లేదు, స్టడ్ మెలి తిరుగుతోంది. ఆపేయండి. గాలి ఒత్తిడితో నట్లు తిప్పే ఎయిర్ గన్ వద్దే వద్దు, ఈ తేడా తెలిసేలోపే విరిచేస్తుంది.

అప్పుడు వేడి. ట్యాంకు దించి దూరంగా పెట్టండి, కార్బురేటర్‌లో పెట్రోల్ వంపేయండి, ఆయిల్ శుభ్రంగా తుడవండి. చిన్న గ్యాస్ టార్చ్ మంట నట్ మీదే ఆడించాలి, వ్యాకోచించి పట్టు వదులుతుంది. హెడ్ అల్యూమినియం మిశ్రమం, 660 డిగ్రీల లోపే కరుగుతుంది, కరిగేముందు రంగు మారి హెచ్చరించదు కూడా. నట్‌తోపాటు స్టడ్ కూడా ఊడి వస్తే మంచిదే, ఎలాగూ కొత్తది వేయాలి.

స్టడ్ విరిగి కాస్త మొన మిగిలితే, బ్యాటరీ వైర్లు తీసి, దాని మీద 8 ఎంఎం నట్ పెట్టి మధ్యలో వెల్డింగ్ చేయించి, చల్లారాక నెమ్మదిగా తిప్పండి. మట్టంగా విరిగితే లేత్ షాపుకే ఇవ్వండి. సరిగ్గా నడిమధ్యన 5 ఎంఎం డ్రిల్ దించాలి, చేత్తో పట్టుకుంటే డ్రిల్ మెత్తని అల్యూమినియంలోకి జారిపోతుంది.

బిగించేటప్పుడు కొత్త స్టడ్‌లు, పొగ కారకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్ కూడా కొత్తది వేసి, మరలకి కాపర్ యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే రాగి పేస్టు) పల్చగా రాయండి. రెండు నట్లూ మార్చి మార్చి 8 న్యూటన్ మీటర్ల దాకా బిగించాక సైలెన్సర్ వెనక బోల్టు బిగించండి. బండి ఒకసారి వేడెక్కి చల్లారాక నట్లు మళ్లీ చూడండి.