పిల్లల కంచంలోకి ఆకుకూర రావాలంటే

బడి నుంచి ఆకలితో వచ్చిన పిల్లవాడికి మొదట కనిపించేది ఉస్మానియా బిస్కెట్ల డబ్బా అయితే, రాత్రికి పాలకూర పప్పు ఎంత కమ్మగా వండినా అతడు ముట్టడు. కాబట్టి మార్పును సాయంత్రపు చిరుతిండితోనే మొదలుపెట్టాలి. ఆ వేళకు ఉడికించిన పల్లీలు ఎదురుగా ఉంచాలి. ఐదేళ్లలోపు వారికి అవి గొంతుకు అడ్డుపడవచ్చు గనుక అరటిపండు నయం. బిస్కెట్లను అటక మీద దాచడం కన్నా కొనకపోవడమే మేలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువగా ఉన్న తినుబండారాలను తగ్గించమనే చెబుతున్నాయి.

మెహదీపట్నం లేదా ఎర్రగడ్డ రైతుబజారుకు పిల్లలను వెంట తీసుకువెళ్లి, ఆ వారానికి ఒక ఆకుకూరను వారినే ఎంచుకోనివ్వాలి. ఇంటికి వచ్చాక ఆకులు తుంచే పనీ వారిదే. మొదట పప్పులో గుప్పెడు ఆకు మాత్రమే వేసి, దించిన తరువాత నిమ్మరసం పిండితే రుచి పెరగడమే కాక, అందులోని సి విటమిన్ వల్ల ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కొత్త రుచి అలవాటు కావడానికి కొందరికి పదిసార్లు కూడా పట్టవచ్చు; వద్దన్న రోజున బతిమాలక, నాలుగు రోజులాగి అదే కూరను మళ్లీ కొద్దిగా వడ్డించాలి. కూర తింటే చాక్లెట్ ఇస్తామనే బేరం మాత్రం పెట్టకూడదు, ఆ బేరంతో చాక్లెట్ మీదే మోజు పెరుగుతుంది.