బ్రాకెట్లు పెట్టినా మారని వరుస

జీసీసీ అనే కంపైలర్‌తో (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) నెలల తరబడి సరిగ్గా నడిచిన నా సీ ప్రోగ్రామ్, క్లాంగ్ అనే మరో కంపైలర్‌తో కంపైల్ చేయగానే తప్పు సంఖ్యలు చూపించింది. 258 రావాల్సిన చోట 513. రెండు రోజులు ఫైలునే అనుమానించాను. చివరికి ఆ రెండు సంఖ్యలను హెక్స్‌లో (పదహారు ఆధారంగా, బైట్‌కు రెండు అంకెలు) రాసి చూస్తే విషయం తెలిసింది: 0102, 0201. బైట్లు అటూ ఇటూ అయ్యాయి.

తప్పంతా ఈ ఒక్క లైన్లో ఉంది: కలుపు(చదువు(), చదువు()). చదువు() పిలిచిన ప్రతిసారీ ఫైలులోని తర్వాతి బైట్ ఇస్తుంది; కలుపు() రెండు బైట్లను, మొదటిది ఎక్కువ విలువ వైపు ఉంచి, ఒకే సంఖ్యగా చేస్తుంది. ఆర్గ్యుమెంట్లలో (ఫంక్షన్‌కు బ్రాకెట్లలో ఇచ్చే విలువల్లో) ఏది ముందు లెక్కించాలో సీ ప్రమాణం చెప్పదు. నా మెషీన్‌లో జీసీసీ కుడి నుంచి, క్లాంగ్ ఎడమ నుంచి మొదలుపెట్టాయి. రెండూ నిబంధన ప్రకారమే నడిచాయి.

అదనంగా బ్రాకెట్లు పెట్టి చూశాను, లాభం లేదు. ఏ విలువ దేనితో కలవాలో బ్రాకెట్లు చెబుతాయి గానీ, ఏ ఫంక్షన్ ముందు నడవాలో చెప్పవు. చాలామంది తడబడేది ఇక్కడే అని నా నమ్మకం.

ఒకే లైన్లో ఐని వాడుతూ పెంచే ఎ[ఐ] = ఐ++ సంగతి ఇంకా ప్రమాదం. అది అన్‌డిఫైన్డ్ బిహేవియర్ (ప్రమాణం ఏ ఫలితమూ నిర్ణయించనిది), అక్కడ ఏం జరిగినా అడిగే హక్కు మనకు లేదు. అయితే దాన్ని జీసీసీ, హెచ్చరికలు చూపించే '-వాల్' (-Wall) ఆప్షన్‌తో పట్టిస్తుంది. నా లైనుకు మాత్రం ఏ హెచ్చరికా రాలేదు.

సవరణ చిన్నదే:

తక్కువ = చదువు();
ఎక్కువ = చదువు();
కలుపు(ఎక్కువ, తక్కువ);

సెమికోలన్ దగ్గర వరుస ఖాయం. తర్వాత కోడంతా వెతికితే ఇలాంటివి ఇంకో మూడు దొరికాయి, ఒకటి తెరపై రాసే ప్రింట్ఎఫ్ లోపలే.