డిస్నీ వరల్డ్ వీఐపీ టూర్: ఖర్చు లెక్క ఇలా వేసుకోండి

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో వీఐపీ టూర్‌కి, అంటే మీ బృందానికే ఒక గైడ్ వెంట ఉండి పార్కు తిప్పే ఏర్పాటుకి, మనిషికింత అని కాదు, గంటకింత అని కట్టాలి. కనీసం 7 గంటలు బుక్ చేయాలి. ఒక గైడ్‌తో 10 మంది దాకా వెళ్లొచ్చు. గంటకు 500 డాలర్లు అనుకుంటే మొత్తం 3,500. పదిమంది పంచుకుంటే తలా 350, నలుగురే అయితే 875. అందుకే ముందు జనాన్ని కూడగట్టండి, తర్వాతే తేదీ చూడండి. పండగ సెలవుల్లో రేటు బాగా పెరుగుతుంది. పార్కు టికెట్లు ఇందులో కలవవు. లెక్క తప్పేది ఇక్కడే.

మీరు కట్టేది కంపెనీకి. గైడ్‌కి దక్కేది గంట జీతం, అందులో చిన్న ముక్క. టిప్పు తప్పనిసరి కాదు. అయినా పొద్దున్నుంచి వెంట తిరిగి, రైడ్ల వరస కుదిర్చి, పిల్లల ఆకలి కూడా కనిపెట్టుకున్న మనిషికి ఇవ్వడం న్యాయం. ఆ డబ్బు ముందే కవరులో విడిగా పెట్టుకోండి.